రాతి కొట్టం లోపల

అది ఎనభై ఏడు సెప్టెంబరు, కత్తిరింపు వారంలో రెండో రోజు. హెర్టా నోస్కే చీకటితోనే లేచి పొయ్యి వెలిగించింది. ఉన్ని కత్తిరించే జట్టు ఆరుగురు, ఇంటివాళ్ళు ముగ్గురు. తొమ్మిది మందికి సరిపడా గొర్రె మాంసం ముక్కలు పెనం మీద వేగుతుంటే, కొడుకు కోలిన్ బల్ల దగ్గర నిలబడి రొట్టె కోస్తున్నాడు.

"అంత లావు ముక్కలేంట్రా, గోడ కడుతున్నావా?"

"మిక్ జట్టువాళ్ళకి పల్చగా కోసిపెడితే ఇంకోటి అడుగుతారమ్మా. ఇలా పెడితే ఒక్కదాంతో నోరు మూతపడుద్ది."

కోలిన్‌కి ఇరవై ఏడేళ్ళు. తల్లి మాట వినకపోవడంలో కూడా అతనికి ఇరవై ఏడేళ్ళ అనుభవం ఉంది. ముక్కలు అంతే లావుగా కోసి పళ్ళెంలో పేర్చాడు.

అంతలో రైన్‌హోల్డ్ బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. జన్మంతా ఉన్ని జిడ్డులో నానిన చేతులు కాబట్టి అవి మాత్రం చంటిపిల్లాడి చేతుల్లా మెత్తగా ఉంటాయి. హెర్టా తన ముందు పెట్టిన పళ్ళెం వంక చూడకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"కొట్టాన్ని అమ్మేశాను. ఇదే అందులో ఆఖరి కత్తిరింపు. సోమవారం అడిలైడ్ నుంచి మనుషులొచ్చి విప్పుకుపోతారు."

పెనం మీద గరిటె ఆగింది.

"విప్పుకుపోవడమేంటి? అదేమన్నా గుడారమా?"

"దూలాలు, రాళ్ళు. ఏదో హోటలుకట. ఇలాంటి పాతవాటికి అక్కడ మహా మోజుగా ఉంది. మొన్న చూడ్డానికొచ్చినాయన మధ్య దూలం మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడిపోయాడు."

"కళ్ళు తిరిగాయేమో," అన్నాడు కోలిన్. "అమ్మా, నువ్వేం బాధపడకు. అది కొట్టం కాదు, ఎలుకల సత్రం."

"నువ్వుండరా. మరి వచ్చే ఏడాది గొర్రెల్ని ఎక్కడ కత్తిరిస్తారు?"

"బండితో వచ్చే కాంట్రాక్టరున్నాడు," అన్నాడు రైన్‌హోల్డ్. "లారీ మీదే అన్నీ ఉంటాయి. కత్తిరించేవాళ్ళూ వాళ్ళే, ఉన్నిని రకాలుగా వేరుచేసేదీ వాళ్ళ మనిషే. మనం గొర్రెల్ని తోలితే చాలు. ఆ కొట్టంలో చీకటి, హెర్టా. ఉన్ని సరిగ్గా కనపడదు. రెండేళ్ళుగా కొన్నవాళ్ళు ఉత్తరాలు రాస్తున్నారు కదా, మంచి ఉన్నిలో తెగే ఉన్ని కలిసిందని."

"నన్ను ఒక్కమాటైనా అడగలేదే."

"నీకు దానితో ఏం పని? ముప్పై రెండేళ్ళ కాపురంలో, పని జరుగుతుండగా ఒక్కసారైనా లోపల అడుగుపెట్టావా?"

"పెట్టనిచ్చారా?"

"అది మా తాతల నాటి పద్ధతి. నేను పెట్టింది కాదు."

"కూల్చడం మటుకు నువ్వు పెట్టిందేగా." హెర్టా మాంసం ముక్కలు పళ్ళెంలోకి తీసి మూతపెట్టింది. ఆమె గొంతు పెరగలేదు. ఆ గొంతు పెరగనప్పుడే భయపడాలని ఇంట్లో మగవాళ్ళిద్దరికీ తెలుసు. "సోమవారం ఎవరూ ఏమీ విప్పరు, రైనీ. వస్తే రానీ. టీ ఇచ్చి పంపిస్తా."

యుడుండా ఊరు దాటి తూర్పుగా పోతే, రోడ్డు వంపు తిరిగే చోట కనిపిస్తుంది నోస్కేల రాతి కొట్టం. రైన్‌హోల్డ్ ముత్తాత జర్మనీ నుంచి ఓడ దిగి, ఈ పొలంలో నాగలికి తగిలిన రాళ్ళనే ఏరి, మట్టి అడుసుతో గోడలు పేర్చాడు. ఎర్ర యూకలిప్టస్ మానుల్ని గొడ్డలితో చెక్కి దూలాలు ఎత్తాడు. ఆదివారాలు ఆ వంపు దగ్గర కార్లు ఆగుతాయి. జనం దిగి ఫోటోలు తీసుకుంటారు. ఒకావిడ మూడు రోజులు స్టూలు వేసుకుని కూర్చుని బొమ్మ గీసుకుంది. లోపల ఎలా ఉంటుందండీ అని ఎవరన్నా అడిగితే రైన్‌హోల్డ్ "మురికిగా" అని చెప్పి పంపేసేవాడు.

హెర్టాకి ఆ కొట్టం వంటింటి కిటికీలోంచి తెలుసు. పొద్దున్న తూర్పు గోడ కాలిన రొట్టె అంచు రంగుకి తిరుగుతుంది. వాన పడితే ఊదాగా మారుతుంది. కత్తిరింపు అయిపోయి, జట్టు వెళ్ళిపోయి, మగవాళ్ళు ఊళ్ళోకి పోయిన మధ్యాహ్నం మాత్రం చీపురు పట్టుకుని ఆమె లోపలికి వెళ్ళేది. వందేళ్ళ ఉన్ని జిడ్డు పట్టిన చెక్క అరుగు నల్లగా, నున్నగా మెరుస్తుండేది. రాళ్ళ సందుల్లోంచి వెలుగు సన్నటి చారలుగా నేల మీద పడేది. ఊడ్చడానికి అరగంట చాలు. హెర్టా చీకటిపడే దాకా అక్కడే ఉండేది. ఏడాదికి ఒక్క మధ్యాహ్నం ఆ కొట్టం ఆమెది.

ఊడ్చిన తుక్కు ఉన్నినే ఇంటికి తెచ్చుకుని రాట్నం మీద వడికేది. అమ్మమ్మ నేర్పిన పని. వడికే ముందు ఉన్నిలోంచి ఒక పాయ తీసి, రెండు కొసలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టి వేలితో మీటాలి. గట్టి ఉన్నయితే సన్నగా మోగుతుంది. గొర్రెకి మేత దొరకని నెలల్లో పెరిగిన చోట పోగు సన్నబడి, అక్కడ చిటచిటమంటుంది. ఆ పాయ మిల్లులో తెగుతుంది. ఉన్నిని రకాలుగా వేరు చేసేవాళ్ళూ చేసేది ఇదే. కంటితో చూసేది సగమే, మిగతా సగం చెవి పని.

గిన్నెలు కడుగుతూ హెర్టా అదే ఆలోచించింది. మామగారు ఆ చీకట్లోనే ఉన్నిని వేరుచేశాడు. ఆయన తండ్రీ అంతే. వాళ్ళకి ఒక్క ఉత్తరం రాలేదు. కొట్టంలో చీకటి ఈ రెండేళ్ళలో కొత్తగా వచ్చిందా?

ఆమె పిండి పలుకులు చల్లిన కేకు ముక్కలు కోసి, టీ డబ్బా నింపి, రోజూ కట్టుకునే ఏప్రాన్ విప్పి, ఉతికింది కట్టుకుంది.

తొమ్మిదిన్నరకి, టీ వేళ, కత్తెర మిషన్లని నడిపే డీజిల్ ఇంజను ఆగింది. ఆగగానే గొర్రెల అరుపులు పైకి తేలాయి. ప్రతిసారీ ఆమె పళ్ళేన్ని బయట రాతి మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగేది. ఇవాళ మెట్టు మీద కాలు పెట్టి, ఇంకో కాలు లోపలి అరుగు మీద పెట్టింది.

"చెరువులో బాతులు," అని తలుపు దగ్గరున్న మిక్ టియెర్నీ కేక పెట్టాడు. ఆడవాళ్ళొస్తున్నారు, నోళ్ళు జాగ్రత్త అని ఆ కేకకి అర్థం. తర్వాత వచ్చిందెవరో చూసి టోపీ తీశాడు. ముప్పై ఏళ్ళుగా ఏటా జట్టుని తీసుకొచ్చే మనిషి. "ఏంటి వదినా, దారి తప్పారా?"

"ముప్పై రెండేళ్ళు తప్పాను మిక్. ఇవాళ దొరికింది. కేకు తీసుకో."

జట్టువాళ్ళు కప్పులు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఉన్నిని పరిచి వేరుచేసే బల్ల వెనక నుంచి రైన్‌హోల్డ్ ఇవతలికి వచ్చాడు.

"హెర్టా, బయటికి నడు."

"నడుస్తా. ఒక్కటి చూసి నడుస్తా." ఆమె తిన్నగా గోడవార ఉన్న అరల దగ్గరికి వెళ్ళి, మొదటి రకం అరలోంచి ఒక పాయ లాగింది. చెవి దగ్గర పెట్టి మీటింది. ఎండుటాకు మీద కాలు పడ్డట్టు చిటచిటమంది. "ఇది ఈ అరలో ఎందుకుంది?"

"మొదటి రకం కాబట్టి."

"ఇందులో లొసుగుంది."

"ఇటివ్వు." రైన్‌హోల్డ్ పాయ తీసుకుని చెవి దగ్గర మీటాడు. మీటీ మీటకముందే, "గట్టిగానే ఉంది," అన్నాడు.

"మళ్ళీ విను."

మళ్ళీ మీటాడు. ఈసారి అతని చూపు ఉన్ని మీద లేదు, హెర్టా పెదవుల మీద ఉంది. జవాబు రాని కుర్రాడు పక్కవాడి పలక వంక చూసినట్టు చూస్తున్నాడు. "గట్టిగానే ఉందన్నాగా," అన్నాడు. గొంతులో కోపం ఉంది, కానీ కళ్ళలో లేదు.

హెర్టాకి అర్థమైంది.

పాయని ఆమె మళ్ళీ తన చేతిలోకి తీసుకుంది. రెండు కొసలూ రెండు చేతుల వేళ్ళలో ఉన్నాయి. ఒక్క లాగు లాగితే మధ్యకి తెగిపోతుంది. అప్పుడు వాదనే ఉండదు. ఆరుగురు మగవాళ్ళు చూస్తున్నారు, కోలిన్ బేళ్ళు కట్టే యంత్రం పక్కన నిలబడి చూస్తున్నాడు. ముప్పై రెండేళ్ళ మాటకి ఒక్క లాగుతో జవాబు చెప్పొచ్చు.

ఆమె పాయని ఏప్రాన్ జేబులో వేసుకుంది.

"సరే. నేనే పొరబడ్డానేమో."

"ఉన్ని సంగతి మాకొదిలెయ్యండి వదినా," అన్నాడు మిక్ నవ్వుతూ. "ఈ కేకు మాత్రం మొదటి రకమే."

అందరూ నవ్వారు. హెర్టా ఖాళీ పళ్ళెం తీసుకుని, తల వంచకుండా మెట్టు దిగింది.

మధ్యాహ్నం భోజనానికి కోలిన్ అందరికన్నా ముందొచ్చాడు. చేతులు కడుక్కుంటూ తల్లివైపు చూడకుండానే అన్నాడు.

"లాగి చూపించి ఉండొచ్చుగా."

"దేన్ని?"

"నేనూ ఈ ఇంట్లోనే పుట్టానమ్మా. నీ వేళ్ళు చూశా. ఎందుకాగావు?"

"చూశావుగా. చూసింది మింగేసి భోంచెయ్యి." తర్వాత ఆమే అడిగింది. "మీ నాన్న ఒక్కసారి పిలిస్తే పలుకుతున్నాడా ఈమధ్య?"

కోలిన్ తువాలు పట్టుకుని ఆగిపోయాడు. "వెనకనుంచి పిలిస్తే పలకడు. కోపమేమో అనుకున్నా. ఆ ట్రాక్టరు గొడవప్పుడు ఆయన పలకట్లేదని నేనూ నెల రోజులు మాట్లాడటం మానేశా."

"నేను రేడియో కోసం పోట్లాడా. చెవులు బద్దలయ్యేలా పెడతాడని." హెర్టా దోసకాయ పచ్చడి సీసా మూత బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. "చిన్నప్పట్నుంచీ ఆ ఇంజను పక్కనే ఆయన చోటు. మనం చూస్తూనే ఉన్నాం."

"అయితే కొట్టం అమ్మింది..."

"ఆ మాట ఆయన నోటితో వింటా. నువ్వు ఎవరితోనూ అనకు."

ఐదున్నరకి పని ఆగింది. జట్టు స్నానాలకి పోయింది. హెర్టా వెళ్ళేసరికి రైన్‌హోల్డ్ ఒక్కడే ఉన్నాడు. పడమటి గోడ సందుల్లోంచి పడుతున్న ఎండలో, మొదటి రకం అర ముందు నిలబడి పాయలు ఒక్కొక్కటే తీసి మీటుతున్నాడు. చెవికి అంటేలా పెట్టి, తల ఒంచి, ఊపిరి బిగబట్టి మీటుతున్నాడు. ఆమె బూట్ల చప్పుడు అతనికి తెలియలేదు.

ఆమె చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి నిలబడింది. జేబులోంచి పొద్దుటి పాయ తీసి, అతని కళ్ళ ముందు లాగింది. అది మధ్యకి రెండై విడిపోయింది.

"ఎప్పట్నుంచి వినపడట్లా?"

"ఏది?"

"ఇదే."

రైన్‌హోల్డ్ కట్టిన బేలు మీద కూర్చున్నాడు.

"మూడేళ్ళు. మనుషుల మాట అందుతుంది, మొహం కనపడితే. ఉన్నిదే పోయింది. ముందు పిట్టలు పోయాయి. ఆ ఏడాది పిట్టలు రాలేదనుకున్నా. తర్వాత ఒకరోజు కొమ్మ మీద పిట్ట నోరు తెరవడం కనపడింది."

"నాకు చెప్పలేదేం?"

"ఏం చెప్పను? నాలుగు తరాలుగా నోస్కేలు పరాయివాణ్ణి ఉన్ని ముట్టనివ్వలేదు. మా నాన్న పోయేముందు ఈ బల్ల నాకిచ్చిపోయాడు. చెవిటివాడు ఉన్ని చూస్తున్నాడని మిక్ వాళ్ళు ఊరూరా చెప్పుకుంటే? ఆ బండివాడొస్తే వాడి మనిషే చూసుకుంటాడు. నేను తప్పుకున్నట్టే ఉండదు."

"బండివాణ్ణి పిలుచుకో. కొట్టం ఏం చేసింది?"

"కొట్టం ఉంటే ఇక్కడ నేను నిలబడాలి, హెర్టా. నిలబడకపోతే ఎందుకని అడుగుతారు. కొట్టమే లేదనుకో, ఎవరూ అడగరు."

హెర్టాకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది పొద్దుటినుంచీ ఉన్న కోపం కాదు, ఇంకా పాతది.

"అంటే నీ చెవి సంగతి దాచడానికి నూట ఇరవై ఏళ్ళ గోడలు పడగొడతావు. నీ సిగ్గు అంత ఎత్తుందా రైనీ? దారినపోయేవాళ్ళు కార్లు ఆపుకుని చూస్తారు దీన్ని. నేను రోజూ గిన్నెలు కడుగుతూ చూస్తా. ఊడవడానికి పనికొచ్చినదాన్ని, అడగడానికి పనికిరాలేదా?"

అతను చేతిలోని పాయని వేలికి చుట్టుకున్నాడు.

"నా చెవులు బాగానే ఉన్నాయి. ముప్పై రెండేళ్ళుగా రాట్నం ముందు కూర్చుని మీ ఉన్నినే వింటున్నా, మీరు పారేసింది. రేపట్నుంచి పారేయనిదీ వింటా."

"ఆడదాన్ని తెచ్చి బల్ల దగ్గర నిలబెడితే..."

"ఏమవుద్ది? కప్పు కూలుద్దా? నువ్వెలాగూ కూలుస్తున్నావుగా."

రైన్‌హోల్డ్ మొహం కొంచెం కదిలింది. నవ్వు అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది.

"రేపు ఏడున్నరకి వస్తా," అంది హెర్టా. "నీ చెవి సంగతి నా నోటినుంచి రాదు, ఎప్పటికీ రాదు. నేనెందుకొచ్చానో నువ్వే చెబుతావో, అందరి ముందూ గెంటుతావో నీ ఇష్టం. గెంటితే మాత్రం సోమవారం నీ అడిలైడ్ వాళ్ళకి ఈ గుమ్మంలో కుర్చీ వేసుకుని కనపడతా. వాళ్ళు దూలాలు తీసుకెళ్ళాలంటే ముందు నన్ను మొయ్యాలి. నేను బరువే."

మర్నాడు పొద్దున్న పెనం పొయ్యి మీంచి దించగానే రైన్‌హోల్డ్ నడవాలో టెలిఫోను దగ్గర నిలబడ్డాడు. నంబరు తిప్పి, గొంతు పెద్దది చేసి, "నేను నోస్కేని. దూలాలు అమ్మట్లేదు. ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి పంపిస్తా," అన్నాడు. అవతలివైపు నుంచి మాటలు వరసగా వస్తున్నాయి. రైన్‌హోల్డ్ తలూపాడు, మళ్ళీ ఊపాడు, తర్వాత రిసీవరు చెవినుంచి తీసి చూశాడు. వంటింటి గుమ్మంలో కోలిన్ ఉన్నాడని తెలిసే, దాన్ని భార్యవైపు చాపాడు.

"వీడేమంటున్నాడో నువ్వు విను. నాకు అందట్లేదు."

కోలిన్ నములుతున్నది ఆపేశాడు. హెర్టా తడి చెయ్యి ఏప్రాన్‌కి తుడుచుకుని రిసీవరు అందుకుంది. విన్నది. "అవునండీ, మనసు మార్చుకున్నాం," అంది. "మీకంత ముచ్చటగా ఉంటే ఆదివారాలు వచ్చి చూడండి. కేకు ఉంటుంది." పెట్టేసింది.

ఏడున్నరకి ఆమె మెట్టెక్కినప్పుడు ఇంజను అప్పుడే అందుకుంది. రైన్‌హోల్డ్ చెయ్యెత్తి దాన్ని ఆపించాడు. మిక్ చేతిలో కత్తెర మిషను పట్టుకుని తిరిగి చూశాడు. తలుపు అవతల గొర్రెలు తప్ప ఇంకేమీ వినపడటం లేదు.

"ఒక మాట," అన్నాడు రైన్‌హోల్డ్. చిన్నగా దగ్గాడు. "నా చెవులు పోయాయి. మూడేళ్ళయింది. నిన్న హెర్టా చెప్పిందే నిజం, ఆ ఉన్నిలో లొసుగుంది. ఇకనుంచి ఈ బల్ల దగ్గర ఉన్నిని ఆవిడ వింటుంది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత చాలా పనుంది."

ఎవరూ నవ్వలేదు. మిక్ తన బూట్లవైపు చూసుకుని, "నాకు నడుం పోయి ఐదేళ్ళయింది బాస్. ఎవరికీ చెప్పలా," అన్నాడు.

"నువ్వు చెప్పేదేంటి," అన్నాడు పక్కనున్నవాడు. "వంగినప్పుడల్లా నువ్వు తిట్టే తిట్లే చెబుతున్నాయి."

అప్పుడు నవ్వారు అందరూ, రైన్‌హోల్డ్‌తో సహా. మిక్ హెర్టావైపు తిరిగి టోపీ సర్దుకున్నాడు. "వదినా, ముందే చెబుతున్నా. మా నోళ్ళు మంచివి కావు."

"మీ నోళ్ళు ముప్పై ఏళ్ళుగా వంటింటిదాకా వినపడుతూనే ఉన్నాయి మిక్. కొత్తవేమన్నా ఉంటే చెప్పు."

ఆమె అరలవైపు చూసింది. "ముందు ఇవన్నీ ఖాళీ చెయ్యాలి. కట్టిన బేళ్ళు కూడా విప్పాలి."

"కట్టినవీనా?" అన్నాడు కోలిన్. "రెండు రోజుల పనమ్మా."

"అన్నీ."

కోలిన్ నోరు తెరిచేలోపే రైన్‌హోల్డ్ కొడవలి తీసుకుని మొదటి బేలు కుట్టు తెంపేశాడు. మధ్యాహ్నం దాకా అతనే మోసుకొచ్చి బల్ల మీద పరిచాడు, ఆమె విన్నది. ఆమె తల ఊపితే ఒక అరలోకి, అడ్డంగా ఆడిస్తే ఇంకో అరలోకి. ఇంజను హోరులో మాటలతో పనిలేకపోయింది. లొసుగున్న ఉన్ని అర నిండిపోయి పొర్లింది. దాని ఎత్తు చూసి రైన్‌హోల్డ్ ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఇంకో బేలు తెచ్చాడు.

టీ వేళకి ఇంజను ఆగింది. హెర్టా నడుం నిటారు చేసి చుట్టూ చూసింది. చీపురు లేకుండా, మనుషులతో, గొర్రెలతో, చెమట వాసనతో నిండి ఉన్న కొట్టాన్ని ఆమె ఇంత తీరిగ్గా చూడటం ఇదే మొదలు. సందుల్లోంచి పడుతున్న వెలుగు చారల్లో ఉన్ని నూగు తేలుతోంది. ఆ వెలుగులో రైన్‌హోల్డ్, అలవాటు చొప్పున, బల్ల మీదున్న ఉన్నిలోంచి ఒక పాయ తీసి చెవి దగ్గరికి ఎత్తాడు. మీటాడు. తల ఒంచి అలాగే నిలబడ్డాడు. అతనికి ఏమీ వినపడలేదు.

అతను దాన్ని కింద పడెయ్యలేదు. రెండు కొసలూ వదలకుండా అలాగే పట్టుకుని, దగ్గరికి జరిగి, ఆమె చెవి పక్కన పెట్టి తన వేలితోనే మీటాడు.

"ఏమంటోంది?"

హెర్టా తల అతనివైపు వంచి విన్నది.

"గట్టిగానే ఉంది రైనీ," అంది. "ఇది మోగుతోంది."

అతను పాయని దింపలేదు. "ఇంకోసారి మీటనా?" అన్నాడు.

"మీటు," అంది.